ముందు హక్కు, ముందు మాట

'ఎవరెంత ఇస్తామంటే అంతా నేనే ఇస్తాను. నన్ను కాదని పైవాళ్ళకి ఇవ్వకు.'

మొదటిసారి విన్నప్పుడు ఇంతకంటే పెద్దమనిషి తరహా మాట లోకంలో మరొకటి ఉండదనిపిస్తుంది. చూడండి: బేరమాడటం లేదు. ఒక్క రూపాయి తగ్గించమనటం లేదు. పరాయివాడు ఏ ధర చెబితే ఆ ధరే ఇస్తానంటున్నాడు. పైగా తెలిసినవాడు. ఇక అమ్మేవాడికి పోయేదేముంది? డబ్బుకి డబ్బూ వస్తుంది, ఉన్న సంబంధమూ నిలుస్తుంది.

పోయేది ఏదో ఉంది. అది కంటికి కనపడదు, కాగితాల మీద రాయరు. అంచేత ఎవరినీ తప్పు పట్టడానికి వీలుండదు. దాని గురించే ఈ నాలుగు ముక్కలూ.

మా పాతబస్తీలో ఈ మాట ఇళ్ళ దగ్గర ఎక్కువగా వినపడుతుంది. గౌలిపురాలో నాకు తెలిసిన అన్నదమ్ములు ఇద్దరున్నారు. తండ్రి వదిలిపోయిన ఇల్లు ఒకటి: డంగుసున్నం గోడలు, నడిమి వాకిలి, ఓ మూల చేదబావి. తమ్ముడికి కూతురి పెళ్ళి వచ్చి, తన వాటా అమ్మకానికి పెట్టాడు. అన్న కబురు పంపాడు: 'ఇల్లు బయటోనికి పోనియ్యకురా తమ్మీ. ఎవడెంత ఇస్తనంటే గంత నేనే ఇస్త.' తమ్ముడు పొంగిపోయాడు. అన్నంటే అలా ఉండాలన్నాడు.

మొదట శాలిబండ నుంచి ఓ బట్టల కొట్టాయన వచ్చాడు. గోడలు తట్టి చూశాడు, గదులు కొలిపించాడు, చాయ్ తాగుతూ అడిగాడు: 'మీ అన్నగారు కొంటారట గదా?' తమ్ముడు అబద్ధమాడే మనిషి కాదు. అవునన్నాడు. ఆయన గ్లాసు కింద పెట్టి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. రెండో ఆయన కొలతల దాకా కూడా రాలేదు, గుమ్మంలోనే సంగతి విని వెనక్కి తిరిగాడు. మరి ఎందుకొస్తారు? ఒకరి ఇంటికి ధర కట్టడానికి తన పనులు మానుకుని, దస్తావేజులు చదివించుకుని, వకీలుకి ఫీజిచ్చి, తీరా అంతా అయ్యాక ఆ ఇల్లు అన్న చేతిలో పెట్టి పోవటానికి ఎవరికి సరదా? మూడోవాడు 'తగిలితే తగిలింది' అన్నట్టు ఓ నాసి ధర చెప్పాడు. అన్న సరిగ్గా అంత డబ్బూ లెక్కపెట్టి ఇచ్చాడు. మాట తప్పలేదు. రిజిస్ట్రేషను కూడా శుభ్రంగా అయిపోయింది.

ఇందులో దొంగ ఎవరు? ఎవరూ లేరు. అన్న మాట నిలబెట్టుకున్నాడు. కొనవచ్చినవాళ్ళు తమ లాభం చూసుకున్నారు. అయినా తమ్ముడి జేబుకి చిల్లు పడింది. ముందు హక్కు తమ్ముడి ధరను తగ్గించలేదు. ధర కట్టేవాళ్ళని రాకుండా చేసింది. వేలంలో రెండోవాడు లేకపోతే మొదటివాడికి పెంచవలసిన అవసరమేముంది?

ఈ ముందు హక్కు నిన్నమొన్నటిది కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే భూమి అమ్మేటప్పుడు ముందు బంధువులు, తర్వాత ఇరుగుపొరుగు, ఆ తర్వాత అప్పిచ్చినవాళ్ళు వరసగా కొనుక్కోవచ్చుననీ, పైవాళ్ళ వంతు చివరన అనీ ఉంది. ముస్లిం ధర్మశాస్త్రంలో దీన్ని హక్-ఎ-షుఫా అంటారు. పురానీ హవేలీ కోర్టుల దగ్గర దస్తావేజులు రాసే ఓ ముసలాయన ఒకసారి నాకు ఇది విడమరిచి చెప్పాడు. వాటాదారుకో, హనఫీ పద్ధతిలోనైతే పొరుగువాడికో, పరాయివాడు కొన్న ధరకే ఆ ఇల్లు తాను తీసుకునే హక్కు ఉంది. కాని ఎలా? అమ్మకం సంగతి చెవిన పడ్డ క్షణంలోనే 'నాకు కావాలి' అనాలి. దాన్ని తలబ్-ఎ-మువాసబత్ అంటారు. మువాసబత్ అంటే ఎగిరి దూకడమట! ఆ తర్వాత సాక్షుల ఎదుట మరోసారి అడగాలి. ఆలోచించుకుని చెబుతానన్నాడా, హక్కు పోయినట్టే.

'అంత తొందరెందుకు సాబ్?' అన్నాను.

'హక్కు నీదైనప్పుడు ఆలస్యం ఇంకొకడి నెత్తిన పడగూడదు గదా' అన్నాడాయన కలం తుడుచుకుంటూ.

ఇందులోనూ ధర కట్టేది పరాయివాడే. కనక గౌలిపురా జబ్బు ఇందులోనూ లేకపోలేదు. కాని పెద్దలు విరుగుడు కొంత కలిపే పెట్టారు. 1962లో మన సుప్రీం కోర్టు భావూరామ్ కేసులో వాటాదారు ముందు హక్కుని నిలిపి, పొరుగువాడి ముందు హక్కుని కొట్టేసింది. ఫలానా వీధిలోకి వేరే మతంవాడో, వేరే కులంవాడో రాకుండా చూసుకోవటానికే ఆ హక్కు పనికొస్తోందని కోర్టు ఉద్దేశం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో తోబుట్టువులకి ముందు హక్కు ఉంది. అయితే అక్కడ ధర కుదరకపోతే కోర్టు ధర నిర్ణయిస్తుంది. అంటే, ముందు హక్కు కావలసిన అన్న గుమ్మంలో కూర్చుని పరాయివాడి కోసం ఎదురు చూడనక్కర్లేదు. తానే వెళ్ళి నోరు తెరిచి అడగవచ్చు.

సరే, ఇల్లు మాట ఇది. ఇంటికి నోరు లేదు, కాళ్ళు లేవు. ఎవరి చేతిలోకి పోయినా గోడలు అలాగే నిలబడి ఉంటాయి. కాని అమ్మకానికి పెట్టింది ఓ మనిషి చేసే పని అయితే? ముందు హక్కు ఆ మనిషి మీదే అయితే?

మా మనవడు తెల్లవారుజామునే లేచి ఫోనులో అమెరికా బాస్కెట్‌బాల్ చూస్తూంటాడు. పాఠాలకి లేవని కుర్రాడు ఆటకి ఎలా లేస్తాడో మా ఆవిడకి ఇప్పటికీ అంతుపట్టలేదు. వాడి పుణ్యమా అని నాకో కొత్త మాట తెలిసింది: రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్. తెలుగులో చెప్పాలంటే, కట్టు తాడున్న స్వేచ్ఛాజీవి. నవ్వకండి, అక్కడ అది చట్టబద్ధమైన హోదా.

సంగతేమిటంటే, ఎన్.బి.ఎ. అనే ఆ పోటీలో కుర్రాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. మొదటి వరసలో ఎంపికైనవాడు మామూలుగా నాలుగేళ్ళు ఆ జట్టుకి ఆడతాడు. గడువు తీరాక వేరే జట్టుతో బేరం కుదుర్చుకోవచ్చు. కాని పాత జట్టు ఓ కనీసపు ఒప్పందం ముందు పెట్టి ఉంటే, వాడు ఏ ఒప్పందం తెచ్చుకున్నా 'అదే మేమూ ఇస్తాం' అని పాత జట్టు వాణ్ణి ఉంచేసుకోవచ్చు. ఇక వాడికి ఎంపిక లేదు. సంతకం పెట్టింది ఒక ఊరికి, ఆడేది మరో ఊరికి.

ఇది కూడా ఒకనాటి పోరాటం మీద వచ్చిందే. అంతకుముందు ఆటగాడు జట్టుకి శాశ్వతపు ఆస్తి. ఆస్కార్ రాబర్ట్‌సన్ అనే మేటి ఆటగాడు తోటివాళ్ళ తరఫున 1970లో దావా వేస్తే, 1976లో రాజీ కుదిరి, శాశ్వతపు కట్టు పోయి ముందు హక్కు మిగిలింది. సీనియర్లకి ఆ హక్కు కూడా లేని స్వేచ్ఛ 1988లో వచ్చింది. కుర్రాళ్ళకి మాత్రం తాడు ఇప్పటికీ ఉంది.

ఆ తాడు ధరని ఏం చేస్తుందో చూడండి. అక్కడ ఒక్కో జట్టూ ఏడాదికి ఇంత అని లెక్క ప్రకారం ఖర్చు పెట్టాలి. ఒకడి ముందు ఒప్పందం పెడితే, పాత జట్టు ఏ సంగతీ తేల్చేదాకా ఆ సొమ్ము ఇరుక్కుపోతుంది. ఈలోగా మిగతా మంచి ఆటగాళ్ళు వేరే జట్లకి వెళ్ళిపోతారు. అంచేత చాలామంది మన శాలిబండ ఆసామీలాగే గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోతారు. 2025 వేసవిలో ఇలాగే కొందరు కుర్రాళ్ళు నెలల తరబడి ఎవరి నుంచీ కబురు రాక కూర్చున్నారు. కామ్ థామస్ అనే కుర్రాడు, అంతకుముందు ఏడు ఆటకి సగటున 24 పాయింట్లు చేసినవాడు, చివరికి పాత జట్టు పెట్టిన కనీసపు ఒప్పందానికే, దాదాపు 60 లక్షల డాలర్లకి, ఒక్క ఏడాదికి ఒప్పుకున్నాడు. ఆ ఏడాది గడిస్తే తాడు తెగుతుంది గదా అని.

అరవై లక్షల డాలర్లు తీసుకునేవాడి మీద మీ జాలి ఏమిటండీ, అంటారేమో. జాలి కాదు, లెక్క. గౌలిపురా తమ్ముడి నష్టం చిన్న అంకెలో ఉంది గనక కనపడలేదు. ఇక్కడ అంకె పెద్దది గనక అందరికీ కనపడుతోంది.

తాడు కొన్నిసార్లు రెండో వైపుకీ లాగుతుంది. పరాయి జట్టు నిజంగా పట్టుబడితే, పాతవాళ్ళు అందుకోలేనంత ఎత్తుకి కావాలనే పాడుతుంది. 2012లో జెరెమీ లిన్‌కి హ్యూస్టన్ జట్టు మూడేళ్ళకి రెండున్నర కోట్ల డాలర్లు రాసింది. అందులో మూడో ఏడు ఒక్కటే దాదాపు కోటిన్నర. న్యూయార్క్ వాళ్ళు ఆ మూడో ఏడు చూసి భయపడి వదిలేశారు. ఇలాంటి బేరంలో ఆటగాడికి డబ్బొస్తుంది, నిజమే. కాని ఆ అంకెలో అతని ఆట విలువ ఎంతో, పాతవాణ్ణి బెదిరించటానికి కలిపిన విషమెంతో ఎవరికీ తెలియదు.

డబ్బుకి సంబంధించని నష్టం మరొకటి ఉంది. డియాండ్రె ఏటన్ అనే ఆటగాడికి ఫీనిక్స్ జట్టు తనంతట తాను కోరినంత ఇవ్వలేదు. 2022 జులైలో ఇండియానా వాళ్ళు నాలుగేళ్ళకి 13 కోట్ల 30 లక్షల డాలర్లు ఇస్తామన్నారు. ఫీనిక్స్ వాళ్ళు చప్పున అంతా తామే ఇస్తామని ఉంచేసుకున్నారు. 2023 సెప్టెంబరులో మరో జట్టుకి పంపేశారు. నిన్న మనకి అంత విలువ లేనివాడు, పక్కవాడు అడగ్గానే వదల్లేనివాడయ్యాడు; ఏడాది తిరిగాక మళ్ళీ వదుల్చుకోదగ్గవాడయ్యాడు. అది ప్రేమా? కాదు, చెయ్యి జారుతుందేమోనన్న భయం. ఆ రెంటికీ తేడా ఎదటివాడికి తెలియదనుకోవటం పొరపాటు.

ఇంతదూరం అమెరికా ఎందుకు, మన ఉప్పల్ స్టేడియం ఉండగా? ఐ.పి.ఎల్. వేలంలో 'రైట్ టు మ్యాచ్' అనే చీటీ ఉంది చూశారూ, అది అచ్చం హక్-ఎ-షుఫాయే. 2018 వేలంలో రషీద్ ఖాన్‌ని పంజాబు జట్టు తొమ్మిది కోట్లకి పాడుకుంది. మన సన్‌రైజర్స్ హైదరాబాద్ వాళ్ళు చీటీ చూపించి అదే తొమ్మిది కోట్లకి ఉంచేసుకున్నారు. ఊరంతా చప్పట్లు కొట్టింది. పంజాబువాళ్ళు ఇంకో కోటి వేసేవాళ్ళేమో? అడగటానికి వీలు లేదు. పాట అయిపోయింది.

2024 నవంబరులో జెడ్డాలో జరిగిన వేలానికి ఈ నియమం చిన్నగా మార్చారు. పాత జట్టు 'మాకు కావాలి' అన్నాక, పాడినవాడికి చివరిసారి పెంచే అవకాశం ఇచ్చారు. ఆ పెంచిన ధరకి పాత జట్టు సరేనంటే సరి, లేకపోతే వదులుకోవాలి. ఏమైందో చూడండి. రిషభ్ పంత్ దగ్గర లక్నో పాట 20.75 కోట్ల దగ్గర ఆగింది. ఢిల్లీవాళ్ళు చీటీ ఎత్తారు. లక్నో ఒక్క గెంతులో 27 కోట్లంది. ఢిల్లీ చీటీ దించేసింది. అర్ష్‌దీప్ సింగ్ దగ్గర పాడింది మన హైదరాబాద్ వాళ్ళే: 15.75 కోట్లు. పంజాబు చీటీ ఎత్తగానే 18 అన్నారు. పంజాబు ఆ 18 కోట్లూ ఇచ్చి ఉంచుకుంది. ఫ్రేజర్-మెక్‌గర్క్ అనే ఆస్ట్రేలియా కుర్రాడు ఐదున్నర నుంచి తొమ్మిదికి పోయాడు. ముగ్గురి మీదా కలిపి పన్నెండు కోట్లు. పాత నియమమైతే ఆ పన్నెండు కోట్లూ ఎవరి నోటా వచ్చేవి కావు. ఎవరూ దొంగిలించకుండానే పోయి ఉండేవి.

ఆ వేలంలోనే మన మహమ్మద్ సిరాజ్ పేరూ వచ్చింది. హైదరాబాదులో ఆటో నడిపి సంసారం ఈదిన తండ్రి కొడుకు. 2017లో సొంత ఊరి జట్టు 2.6 కోట్లకి తీసుకుంది. మరుసటేడు అదే 2.6 కోట్లకి బెంగళూరు వెళ్ళి, ఏడు సీజన్లు అక్కడే ఆడాడు. జెడ్డాలో గుజరాత్ 12.25 కోట్లు పాడింది. చీటీ వాడతారా అని బెంగళూరువాళ్ళని అడిగితే వద్దన్నారు. ఏడేళ్ళ బంధం ఒక్క 'వద్దు'తో ముగిసింది. బాధ అనిపించవచ్చు. కాని నాకది మర్యాదైన 'వద్దు' అనిపించింది. పట్టి ఉంచలేదు, వేలాడదీయలేదు. వెళ్ళమన్నారు, వెళ్ళాడు.

మన కోర్టులు కూడా ఈ తాడుని ఒకసారి కొలిచి చూశాయి. జహీర్ ఖాన్ 2000లో ఓ ఏజెన్సీతో మూడేళ్ళ ఒప్పందం చేసుకున్నాడు. గడువు తీరాక ఎవరు ఏ ఒప్పందం ఇచ్చినా ముందు ఆ ఏజెన్సీకి చూపించాలి, వాళ్ళు అంతే ఇస్తామంటే వాళ్ళతోనే ఉండాలి అని అందులో ఓ షరతు. 2006లో సుప్రీం కోర్టు ఆ షరతు చెల్లదంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 27వ సెక్షను ఉంది: ఒకడి వృత్తికి అడ్డుపడే ఒప్పందం చెల్లదని. గడువులో ఉన్నంతకాలం కట్టుబడమను, గడువు తీరాక కూడా తాడు చేత పట్టుకుంటే ఎలా అని దాని సారాంశం.

ఇంతవరకూ చదివి, 'అయితే పెంచి పోషించినవాడికి ఏ హక్కూ లేదా?' అని మీరు అడగాలి. న్యాయమైన ప్రశ్న. ఈ ఊరివాడిగా ఆ ప్రశ్న నన్నూ గుచ్చుతుంది.

ఒకప్పుడు హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టంటే దేశం వణికేది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ తీర్చిదిద్దిన ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు తెచ్చింది. ఆ తర్వాత కలకత్తా పిలిచింది. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళాడు. 1966లో నయీముద్దీన్, హబీబ్ వెళ్ళారు. సంతకం పెట్టేదాకా ఆటగాళ్ళని పోటీ క్లబ్బుల కంటపడకుండా దాచేవారని కలకత్తాలో కథలు కథలుగా చెప్పుకుంటారు. మనవాళ్ళు అక్కడ దేవుళ్ళయ్యారు. 1977లో పెలే ఆడిన కాస్మాస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టిన మహమ్మద్ హబీబ్ మన హైదరాబాదీయే. 2023 ఆగస్టు 15న ఈ ఊళ్ళోనే కన్నుమూశాడు. వాళ్ళు వెళ్ళినకొద్దీ ఇక్కడి మైదానాలు పలచబడ్డాయి. నారు మనది, పంట వాళ్ళది.

మరి వాళ్ళని కట్టేసి ఉంచితే బాగుండేదా? ఎంత ఆలోచించినా అవునని అనలేకపోతున్నాను. హబీబ్‌కి ఆ జీవితం కావాలి, ఆ జనం కావాలి. అది మనం ఇవ్వలేకపోయాం. ఇవ్వలేనిదాన్ని తాడుతో పూరించటం న్యాయం కాదు. పెంచిన చేతికి ఏదో ముట్టాలంటే దానికి వేరే దారి ఉంది. ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం 2001 నుంచి అదే చేస్తోంది: ఇరవై మూడేళ్ళలోపు కుర్రాణ్ణి దేశం దాటించి తీసుకుపోయిన క్లబ్బు, వాణ్ణి చిన్నప్పటి నుంచి తయారుచేసిన క్లబ్బులకి శిక్షణ ఖర్చు కట్టాలి. కుర్రాడి కాళ్ళకి తాడు లేదు. పెంచినవాడి చేతికి డబ్బుంది. నారు పోసినవాడికి నారు ఖరీదు ఇవ్వండి, పొలం మొత్తం రాసివ్వనక్కర్లేదు.

ఇక మిగిలింది ఒక్క ముక్క. ముందు హక్కు తప్పని నేననటం లేదు. కలిసి పెరిగిన ఇంటి మీద అన్నకి, కలిసి గెలిచిన ఆటగాడి మీద జట్టుకి కొంత చనువు ఉంటుంది, ఉండాలి కూడా. కాని ముందు హక్కు ఉన్నవాడు ముందు మాట చెప్పాలి. గౌలిపురా అన్న, పరాయివాణ్ణి తెచ్చుకో అనకుండా, 'తమ్మీ, నేనింత ఇస్త, ఇంతకంటే ఎక్కువొస్తే సంతోషంగ అమ్ముకో' అని ఉంటే, ఇల్లు బహుశా ఆయనకే దక్కేది. ఓ పదివేలో యాభైవేలో ఎక్కువయ్యేది. తమ్ముడు మాత్రం తమ్ముడిలాగే మిగిలేవాడు. ధర తాను చెప్పకుండా, ఇంకొకడి నోట చెప్పించి, చివరి మాట తన దగ్గర ఉంచుకోవటం - అదీ వచ్చిన చిక్కు. అందులో మోసం లేదు, నిజమే. ప్రేమ కూడా లేదు.

ఇది కోట్ల ఆటగాళ్ళకే అనుకోకండి. పదేళ్ళు ఒకే కంపెనీలో నమ్మకంగా పనిచేసిన గుమాస్తా జీతం పెంచమని అడిగితే 'చూద్దాం' అంటారు. అతను పక్క కంపెనీ కాగితం తెచ్చి బల్లమీద పెట్టగానే 'అంతా మేమే ఇస్తాం, కూర్చోవయ్యా' అంటారు. అతను కూర్చుంటాడు. కాని ఆ కుర్చీలో మునుపటి మనిషి కూర్చోడు. పదేళ్ళపాటు తన విలువ తెలిసి కూడా చెప్పలేదన్నమాట అని ఒక లెక్క అతని మనసులో మొదలవుతుంది. పెంచిన జీతం ఆ లెక్కని చెరపదు.

ఈ వ్యాసం రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. అంతా విని, 'నిరుడు నేను పెట్టిన చింతకాయ పచ్చడి బాగుందని మీరు ఎప్పుడన్నారు?' అంది.

'బాగుందనే అన్నాను గదా!'

'అన్నారు. పక్కింటి ఖాలాజాన్ రెండోసారి గిన్నె పంపించి అడిగాక.'